మిల్డ్రెడ్ అడిగిన నాలుగో గోడ

రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మంట. పుస్తకాలు దాచారని కబురు అందగానే ఆ ఇంటి ముందు ఫైర్ ఇంజన్ వచ్చి ఆగుతుంది. అందులో నీళ్లు ఉండవు, కిరసనాయిలు ఉంటుంది. మంటలు ఆర్పాల్సినవాళ్లే ఇంటికి నిప్పు పెట్టి పోతారు. ఒకసారి చదివితే మర్చిపోలేని బొమ్మ ఇది, అందుకే ఎక్కడ ఏ పుస్తకం మీద నిషేధం పడినా వెంటనే ఈ నవల పేరు వినిపిస్తుంది. అలా గుర్తు చేసుకోవడం తప్పేమీ కాదు. కానీ ఈ నవల మన రోజుల గురించి చెప్పిన అసలు సంగతి ఆ ఫైర్ స్టేషన్‌లో లేదు. అక్కడ ఫైర్‌మ్యాన్‌గా పనిచేసే కథానాయకుడు గై మోంటాగ్ ఇంట్లో, అతని భార్య మిల్డ్రెడ్ పొద్దస్తమానం కూర్చునే హాల్లో ఉంది.

ఆ హాల్లో మూడు గోడలు మొత్తం టీవీలే. మూడోది పెట్టించి రెండు నెలలే అయింది, దాని కోసం ఇప్పటికే ఇంట్లో కొన్ని ఖర్చులు తగ్గించుకున్నారు. అయినా మిల్డ్రెడ్ నాలుగోది కావాలంటుంది. రెండు వేల డాలర్లే కదా అంటుంది. అది తన ఏడాది జీతంలో మూడో వంతు అంటాడు మోంటాగ్. నాలుగో గోడ కూడా వస్తే ఇక ఈ గది మనది అనిపించదు, రకరకాల మనుషుల గదుల్లో ఉన్నట్టు ఉంటుంది అని ఆమె ఆశ. గోడల మీద కనిపించే ఆ మనుషుల్ని ఆమె ‘ఫ్యామిలీ’ అంటుంది. వాళ్లు ఎందుకు అరుచుకుంటున్నారో, ఎవరి మీద ఎవరికి కోపమో అడిగితే మాత్రం చెప్పలేదు.

ఇది 1953లో అచ్చయిన పుస్తకం. 1950లో అమెరికాలో నూటికి పది ఇళ్లలో కూడా టీవీ లేదు, 1954కల్లా సగానికి పైగా ఇళ్లలోకి వచ్చేసింది. అంటే బ్రాడ్‌బరీ ఈ కథ మీద పని చేస్తున్న రోజుల్లోనే చుట్టుపక్కల ఇళ్లలోకి ఒక్కో పెట్టె దిగుతోంది. ‘ది ఫైర్‌మ్యాన్’ అనే పేరుతో ఇదే కథ చిన్న రూపంలో 1951 ఫిబ్రవరిలో గెలాక్సీ పత్రికలో వచ్చింది. ఆ రూపాన్ని ఆయన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ లైబ్రరీ నేలమాళిగలో, అరగంటకు పది సెంట్లు వేస్తే నడిచే అద్దె టైప్‌రైటర్ల మీద కొట్టారు. తొమ్మిది రోజుల్లో తొమ్మిది డాలర్ల ఎనభై సెంట్లు అయ్యాయని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. కాలేజీకి వెళ్లే స్తోమత లేక పబ్లిక్ లైబ్రరీలోనే చదువుకున్న మనిషి ఆయన. పుస్తకాలు కాల్చే కథను పుస్తకాల కిందే కూర్చుని, నాణేలు వేసుకుంటూ రాశారు.

చుట్టూ కాలం కూడా అలాంటిదే. జర్మనీలో 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలు కుప్పలు పోసి తగలబెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. అమెరికాలోనేమో కమ్యూనిస్టుల వేట సాగుతోంది. సెనేటర్ మెకార్థీ మనుషులు 1953లో విదేశాల్లోని అమెరికా ప్రభుత్వ లైబ్రరీలు తిరిగి ఏ పుస్తకాలు ఉన్నాయో చూశారు, కొన్ని అరల నుంచి మాయమయ్యాయి కూడా. ఆ జూన్‌లో అధ్యక్షుడు ఐజన్‌హోవర్ డార్ట్‌మత్ కాలేజీ పిల్లలతో, పుస్తకాలు తగలబెట్టేవాళ్లతో చేరకండి అన్నారు. ఒక దేశాధ్యక్షుడు నోరు తెరిచి ఆ మాట అనాల్సి వచ్చిందంటే గాలి ఎలా ఉందో ఊహించవచ్చు. నవల బయటికి వచ్చింది అదే ఏడాది అక్టోబరులో.

కాబట్టి అప్పటి పాఠకులు దీన్ని సెన్సార్‌షిప్ మీద పుస్తకంగా చదవడం సహజమే. బ్రాడ్‌బరీ మాత్రం చివరి సంవత్సరాల్లో ఇది ప్రభుత్వ సెన్సార్ గురించి కాదు, టీవీ మనుషుల్లో చదివే ఆసక్తిని చంపేయడం గురించి అని గట్టిగా వాదించారు. ఈ విషయంలో రచయిత మాటను పూర్తిగా ఒప్పుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే నవలలో రెండూ ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనుక అన్నదే చూడాల్సింది.

ఆ క్రమాన్ని చెప్పేది ఫైర్ కెప్టెన్ బీటీ. మోంటాగ్ ఒంట్లో బాగాలేదని పనికి రాని రోజు ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని చరిత్ర చెబుతాడు. ఇది పైనుంచి వచ్చిన ఆర్డరు కాదంటాడు. మొదట్లో చట్టమూ లేదు, ప్రకటనా లేదు. పెద్ద పుస్తకాలను పదిహేను నిమిషాల రేడియో కార్యక్రమానికి కుదించారు, దాన్ని రెండు నిమిషాల్లో చదివే కాలమ్‌కి కోశారు, ఆఖరికి నిఘంటువులో పది పన్నెండు లైన్లుగా మిగిలింది. హామ్లెట్ గురించి చాలామందికి తెలిసింది ఒక్క పేజీ సారాంశమే. ఆ తర్వాత, ఎవరికీ కోపం రాకూడదని ఒక్కో వర్గానికి నచ్చనివి ఒక్కోటి తీసేశారు. చివరికి ఇళ్లన్నీ మంట అంటుకోని పదార్థంతో కట్టడం మొదలయ్యాక ఫైర్‌మెన్‌కి పాత పని లేకుండా పోయింది, ఈ కొత్త పని ఇచ్చారు.

ఈ ప్రసంగం ఎంత బాగుంటుందంటే చాలామంది దీన్నే రచయిత అభిప్రాయంగా తీసుకుంటారు. కాస్త ఆగాలి. మాట్లాడుతున్నది ఎవరు? పుస్తకాలు కాల్చడమే ఉద్యోగమైనవాడు. వాళ్ల డిపార్ట్‌మెంట్ రూల్ బుక్‌లో, ఈ శాఖను 1790లో ఇంగ్లిష్ ప్రభావం ఉన్న పుస్తకాలు కాల్చడానికి పెట్టారని, మొదటి ఫైర్‌మ్యాన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ అని రాసి ఉంటుంది. అసలు ఫ్రాంక్లిన్ అప్పు ఇచ్చే లైబ్రరీ పెట్టినవాడు, మంటలు ఆర్పే వలంటీర్ల దళం పెట్టినవాడు. అంత పచ్చి అబద్ధాన్ని పుస్తకంలో అచ్చేసుకున్న శాఖ నుంచి వచ్చినవాడే, ఇదంతా జనం కోరుకున్నదే అంటున్నాడు. ముఖ్యంగా చిన్న చిన్న వర్గాల వాళ్లు అభ్యంతరాలు చెప్పడం వల్లే ఇంతా జరిగిందన్న అతని మాటను అలాగే మింగకూడదు. అధికారంలో ఉన్నవాళ్లకు అంతకన్నా హాయిగా ఉండే కథ ఇంకోటి ఉండదు: మేమేం చేయలేదు, మీరే అడిగారు, నెపం బలం లేనివాళ్ల మీదికి పోతుంది.

కానీ నవలలో రెండో సాక్షి ఉన్నాడు. రిటైరైన ఇంగ్లిష్ ప్రొఫెసర్ ఫేబర్. బీటీకి పూర్తిగా అవతలి పక్షం. ఆయన కూడా, ఫైర్‌మెన్ అవసరం నిజానికి తక్కువే, జనం తమంతట తామే చదవడం మానేశారు అంటాడు. బీటీ ఎప్పటికీ అనలేని మాట కూడా ఒకటి అంటాడు. ఎటు పోతున్నామో తనకు ముందే తెలుసని, నోరు విప్పగలిగిన రోజుల్లో విప్పలేదని, తర్వాత అరుద్దామంటే పక్కన తోడు అరిచేవాళ్లు ఎవరూ మిగల్లేదని. బీటీ చెప్పిన చరిత్రలో తప్పంతా జనానిది. ఫేబర్ చెప్పిన దాంట్లో తన వాటా ఉంది. అందుకే ఇద్దరిలో ఫేబర్ని నమ్మబుద్ధేస్తుంది. ఇద్దరి మాటలూ కలిపి చూస్తే తేలేది ఇది: చట్టం ఆఖర్న వచ్చింది. వచ్చేసరికి అడ్డుపడేవాళ్లు లేరు.

ఇప్పుడు మళ్లీ మిల్డ్రెడ్ హాల్లోకి వెళదాం, ఎందుకంటే అడ్డుపడేవాళ్లు ఎందుకు లేకుండా పోయారో అక్కడే తెలుస్తుంది.

ఆమెకు గోడల నాటకంలో ఒక పాత్ర ఉంది. స్క్రిప్టు ముందే పోస్టులో వస్తుంది, ఒక పాత్ర డైలాగులు ఖాళీగా వదిలేసి ఉంటాయి. నాటకం మధ్యలో ఆ మనుషులంతా తిరిగి ఆమె వైపు చూస్తారు, ఏమంటావు అని అడుగుతారు, ఆమె తన లైను చదువుతుంది. నాకు బాగానే ఉంది, తప్పకుండా, ఇలాంటివే అన్నీ. ఆమె ఏమన్నా కథ మారదు. అయినా తనను అడిగారన్న సంతోషం మాత్రం నిజం. ఇంకో పరికరం కూడా ఉంది. దాని ఖరీదు వంద డాలర్లు. అనౌన్సర్ ఊరందరినీ ఉద్దేశించి మాట్లాడుతుంటే ఈ ఇంట్లో మాత్రం ‘మిసెస్ మోంటాగ్’ అని పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తుంది, ఆ పేరుకు సరిపడేలా అతని పెదాల కదలిక కూడా మారుతుంది.

ఫోన్ తెరవగానే మన పేరుతో పలకరించే యాప్‌లు, మన కోసమే ఏరి తెచ్చామనే వీడియోలు, మీ అభిప్రాయం చెప్పండంటూ కింద పెట్టిన రెండు బటన్లు, ఎవరి ముఖానికైనా ఎవరి మాటలైనా అతికించే వీడియోలు. డెబ్భై ఏళ్ల కిందట, నలుపు తెలుపు బొమ్మల కాలంలో, ఒక మనిషి ఇది ఊహించాడు. యంత్రాన్ని ఊహించడం ఒక ఎత్తు, ఆ యంత్రం మనిషిలో దేన్ని పట్టుకుంటుందో ఊహించడం ఇంకో ఎత్తు. మనల్ని ఎవరో పేరు పెట్టి పిలవాలి, మన మాట ఎవరో అడగాలి. ఆ ఆకలి మిల్డ్రెడ్‌ది మాత్రమే కాదు.

రాత్రయితే చెవుల్లో ‘సీషెల్స్’. గవ్వల్లాంటి బుల్లి రేడియోలు. నిద్రలో కూడా ఆ హోరు ఆగదు. పదేళ్లుగా చెవులు మూసుకుపోయి, మొగుడు మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకోవడంలో ఆమె ఆరితేరిందని నవలలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. ఇయర్‌బడ్స్ తీయకుండానే ఊ కొట్టే ఇల్లు ఏదైనా చూసినవాళ్లకు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

నవల మొదట్లోనే ఆమె ముప్ఫై నిద్రమాత్రలు మింగేస్తుంది. మోంటాగ్ ఫోన్ చేస్తే డాక్టర్ రాడు, మెషీన్లు పట్టుకుని ఇద్దరు పనివాళ్లు వస్తారు. ఒక మెషీన్ కడుపు కడుగుతుంది, ఇంకోటి రక్తం మారుస్తుంది. రాత్రికి ఇలాంటివి తొమ్మిది పది వస్తాయి, దీనికి డాక్టర్ ఎందుకు అంటారు. యాభై డాలర్లు తీసుకుని పోతారు. పొద్దున్నే లేచిన మిల్డ్రెడ్‌కి ఏదీ గుర్తుండదు, నేనెందుకు అలా చేస్తాను అంటుంది. ఆమెను తిట్టుకుంటూ చదివేవాళ్లు చాలామందే ఉంటారు, బ్రాడ్‌బరీ కూడా ఆమె పట్ల కాస్త కఠినంగానే ఉన్నాడనిపిస్తుంది. ఆఖరికి మొగుడు పుస్తకాలు దాచాడని కబురు ఇచ్చేది కూడా ఆమే. కానీ ఆ మాత్రల సీసా కథ మొదట్లోనే ఉందని మర్చిపోకూడదు. ఆమె సుఖంగా ఉండి పుస్తకాలు వద్దనుకోలేదు. తనకేం బాధో చెప్పుకునే మాటలు దొరకని చోట బతుకుతోంది.

ఇంకో రాత్రి మోంటాగ్‌కి ఒక సంగతి తడుతుంది. మనం మొదట ఎక్కడ కలిశాం అని అడుగుతాడు. పదేళ్ల కిందటి మాట. ఆమెకు గుర్తు రాదు. అతనికీ రాదు. పోనీలే, ఏముంది అందులో అంటుంది.

ఈ నవలలో మంట కన్నా భయపెట్టేది ఈ మరుపే. బిల్‌బోర్డుల సంగతి చూడండి. పక్కింటి అమ్మాయి క్లారిస్ చెబుతుంది: ఒకప్పుడు ఇరవై అడుగులే ఉండేవట, కార్లు మరీ వేగంగా పోవడంతో ఎవరి కంటా పడక రెండు వందల అడుగులకు సాగదీశారట. వేగంగా పోయేవాడికి గడ్డి ఒక పచ్చటి మరక, ఆవు ఒక గోధుమ రంగు మరక. నడిచి వెళ్తున్నాడన్న నేరానికి ఆమె మామయ్యను ఒకసారి అరెస్టు చేశారు. బ్రాడ్‌బరీ జీవితంలో కారు నడపలేదు. రాత్రిపూట రోడ్డు మీద ఊరికే నడుస్తుంటే పోలీసు ఆపి ఏం చేస్తున్నారని అడిగాడని, ఈ కథకు ఒక విత్తనం అక్కడ పడిందని ఆయనే చెప్పేవారు.

ఇంకో చోట మోంటాగ్ సబ్‌వేలో కూర్చుని, ఒళ్లో బైబిల్ పెట్టుకుని, దిగేలోపు కొన్ని వాక్యాలైనా బట్టీ పట్టాలని చూస్తాడు. పొలంలో పూసే లిల్లీల గురించిన వాక్యం అది. స్పీకర్‌లో ఒక టూత్‌పేస్ట్ యాడ్ మోగుతూనే ఉంటుంది. లిల్లీలు అనుకోగానే టూత్‌పేస్ట్, మళ్లీ లిల్లీలు, మళ్లీ టూత్‌పేస్ట్. చిన్నప్పుడు జల్లెడను ఇసుకతో నింపితే డబ్బులిస్తానని బంధువు ఒకడు ఆశపెడితే, ఎండలో కూర్చుని పోసిన కొద్దీ ఇసుక కారిపోవడం చూసి ఏడ్చిన సంగతి అతనికి గుర్తొస్తుంది. చివరికి లేచి నిలబడి, ఆపండి అని అరుస్తాడు. ఆ పెట్టెలో ఉన్న మిగతావాళ్లు మాత్రం అప్పటిదాకా ఆ యాడ్‌కి కాళ్లతో తాళం వేస్తూ ఉన్నవాళ్లే. ఒక పేజీ చదువుదామని కూర్చుని, మధ్యలో నాలుగు నోటిఫికేషన్లు చూసి, మళ్లీ మొదటి లైను నుంచి మొదలుపెట్టే మనకు ఈ సన్నివేశాన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

దీన్ని తెరల మీద ద్వేషంగా చదివితే మాత్రం నవలకు అన్యాయం చేసినట్టే. నీకు కావాల్సింది పుస్తకాలు కాదు, ఒకప్పుడు పుస్తకాల్లో ఉన్న కొన్ని విషయాలు, అవి ఈ గోడల మీద కూడా ఉండొచ్చు, కానీ లేవు అని ఫేబరే మోంటాగ్‌తో అంటాడు. ఏవి లేవంటే మూడు. ఒకటి, జీవితాన్ని దగ్గరగా, దాని గరుకుతనంతో సహా చూపించే నాణ్యత. రెండు, దాన్ని అరిగించుకునే తీరిక. మూడు, ఆ రెండింటి వల్ల తెలిసిన దాన్ని బట్టి ఏదైనా చేయగలిగే హక్కు. తీరికకేం, బోలెడు ఉంది కదా అంటాడు మోంటాగ్. పని లేని గంటలు ఉన్నాయి సరే, ఆలోచించే సమయం ఉందా అని అడుగుతాడు ఫేబర్. ఇవాళ మనకు పనికొచ్చే ప్రశ్న ఇదే. చదవడానికి దొరకనిది అంటూ దాదాపు ఏదీ లేదు, ఎప్పుడో అచ్చు ఆగిపోయిన తెలుగు పుస్తకాలు కూడా స్కాన్ రూపంలో ఫోన్‌లోకే వస్తున్నాయి. వాటిని తెరిచి గంటసేపు కదలకుండా కూర్చోవడమే కష్టమైపోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడతాం. ఆ లైబ్రరీలకు వెళ్లి చూస్తే పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో బల్లలు నిండి ఉంటాయి, కథల పుస్తకాల బీరువాలకు తాళం ఉంటుంది. ఆ పిల్లల్ని ఏమీ అనలేం, వాళ్ల టెన్షన్ వాళ్లది, కానీ ఫేబర్ చెప్పిన రెండోది వాళ్లకు ఎవరిస్తారు?

అలాగని నిషేధాలు పాతబడిపోయిన సమస్యేమీ కాదు. అమెరికాలో 2023–24 విద్యా సంవత్సరంలో స్కూళ్లలో 10 వేలకు పైగా పుస్తక నిషేధాలు నమోదయ్యాయని రచయితల సంస్థ పెన్ అమెరికా లెక్క చెప్పింది. ఈ నవలకే జరిగిన సంగతి ఇంకా విచిత్రం. దీని ప్రచురణ సంస్థ బాలంటైన్ 1967లో హైస్కూల్ పిల్లల కోసం ఒక ఎడిషన్ తెచ్చింది, అందులో రచయితకు చెప్పకుండా 75 దాకా చోట్ల మార్పులు చేశారు. తిట్లు తీసేశారు, తాగినవాడిని జబ్బు మనిషిని చేశారు. 1973 నుంచి ఆరేళ్ల పాటు మార్కెట్లో అమ్మింది ఈ కోసిన ప్రతి ఒక్కటే, పెద్దవాళ్లకు కూడా. చదువుతున్నది అసలుది కాదని ఎవరికీ తెలియదు, 1979లో సంగతి తెలిశాక బ్రాడ్‌బరీ పట్టుబట్టి పూర్తి పాఠం మళ్లీ వేయించారు. ఇక్కడ ఏ మంటా లేదు. బీటీ చెప్పినట్టే, ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని మంచి ఉద్దేశంతోనే ఎవరో కత్తెర పట్టారు. కాగితం కదా, పాత ప్రతులు ఎక్కడో మిగిలాయి కాబట్టి తేడా బయటపడింది. 2009 జులైలో అమెజాన్ కొంతమంది కొనుక్కున్న ఇ-పుస్తకాలను, హక్కుల గొడవ వల్ల, వాళ్ల కిండిల్స్ నుంచి దూరం నుంచే తీసేసింది, తర్వాత క్షమాపణ చెప్పింది. వాటిలో ఆర్వెల్ ‘1984’ కూడా ఉంది.

నవల చివర్లో మోంటాగ్ ఊరు దాటి పారిపోతాడు. వేటను గోడల మీద లైవ్‌లో చూపిస్తారు. అతను నది దాటి తప్పించుకుంటాడు, కానీ చూసే జనం విసుగెత్తకముందే కథ ముగియాలి కదా, అందుకని ఆ వేళ ఒంటరిగా నడిచి వెళ్తున్న ఎవరినో పట్టుకుని యాంత్రిక కుక్కను అతని మీదికి వదులుతారు. ముఖం సరిగ్గా కనపడనివ్వరు. మోంటాగ్ చచ్చాడని ప్రకటిస్తారు. ఊరంతా నమ్ముతుంది. అడవిలో నిప్పు పక్కన కూర్చుని, అసలు మోంటాగ్ తన చావును తనే చూస్తాడు.

ఆ నిప్పు చుట్టూ ఉన్నది ఒక్కో పుస్తకాన్ని తలలో దాచుకున్న మనుషులు. తెలుగువాళ్లకు ఇది కొత్త ఊహ అనిపించదు. చదువు రాకపోయినా పోతన పద్యాలు ఆపకుండా చెప్పగలిగే పెద్దవాళ్లు మొన్నమొన్నటి దాకా ప్రతి ఊళ్లో ఉండేవారు, అవధాని ముందు కాగితం ఉండదు. అయితే ఆ పోతన భాగవతంలోనే ఐదు, ఆరు, పదకొండు, పన్నెండు స్కంధాలు వేరేవాళ్లు రాసినవి. వేమన పద్యాలు 1829లో అచ్చులోకి వచ్చాయంటే సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులు వెతికి తెప్పించి, పండితుల్ని పెట్టుకుని పాఠాలు సరిచూశారు కాబట్టి. ఎవరో ఒకరు కూర్చుని ఆ పని చేయకపోతే నోటికి వచ్చినదైనా పోతుంది. నవలలోని ఆ మనుషులు కూడా దీనికి పొంగిపోరు. మేం పుస్తకాల మీద కప్పిన అట్టలం, అంతే అనుకుంటారు.

తెల్లవారేలోపు యుద్ధం వస్తుంది. కనురెప్ప పాటులో బాంబులు పడి ఊరు పోతుంది. నేల మీద బోర్లా పడి ఉన్న మోంటాగ్, ఆ క్షణంలో ఎక్కడో హోటల్ గదిలో ఉన్న మిల్డ్రెడ్‌ని ఊహించుకుంటాడు. కరెంటు పోయి గోడ నల్లబడితే, అందులో తన ముఖమే కనిపించి, అది ఎంత ఖాళీగా ఉందో ఆమె మొదటిసారి చూసి ఉంటుందని. అప్పుడు, ఎవరూ అడగకుండానే, అతనికి గుర్తొస్తుంది. షికాగో. చాలా ఏళ్ల కిందట, షికాగోలో. వాళ్లిద్దరూ మొదట కలిసింది అక్కడే.